పరీక్షనాడు మార్తమ్మ గారు ఏరు దాటారు

పక్కింటివాళ్ళు కొత్త తలుపులు పెట్టించారు. వడ్రంగి పొద్దున్నుంచి వాటికి వార్నీషు పూస్తున్నాడు, ఆ వాసనంతా మా వసారాలోకి వస్తోంది. పురిటిగదుల్లోనే సగం బతుకు గడిపినదాన్ని, నెత్తురు చూసి ఏనాడూ చలించనిదాన్ని, ఈ వాసన మాత్రం నాకు ఇప్పటికీ పడదు. మా అన్న కూతురు నా మొహం చూసి, "పడకపోతే తలుపేసుకోరాదా అత్తా" అంది. వేసుకోనన్నాను. ఈ వాసనకు భయపడి తలుపేసుకోకూడదని నేనెప్పుడో పంతం పట్టాను. కుర్రదానికి ఆ పంతం అర్థం కాలేదు, వింతగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ వాసన నాకు మొదట తగిలింది రాజమండ్రిలో ఒక ఆసుపత్రి హాల్లో. మంత్రసాని లైసెన్సు పరీక్ష నేను మొదటిసారి ఇచ్చింది అక్కడే, తప్పిందీ అక్కడే. తప్పింది నువ్వు కాదు, ఆ హాలు అని నాతో అన్న మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ నాతో చెప్పి ఊరుకోలేదు, పై అధికారుల మొహం మీద కూడా అదే మాట అన్నారు. ఆవిడ మార్తమ్మ గారు, నాకు పని నేర్పిన గురువు. ఆవిడను ఎరిగినవాళ్ళు ఇప్పుడు నరసాపురంలో కూడా అట్టే మిగల్లేదు. అందుకని నాకు వచ్చిన నాలుగు అక్షరాలతో ఇది రాస్తున్నాను.

మార్తమ్మ గారు పొడగరి. నల్లటి మనిషి, తెల్లటి చీర. చెన్నపట్నంలో చదువుకుని వచ్చి, నరసాపురంలో ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆడవాళ్ళకు పురుడు పోసే పని నేర్పేవారు. కిరస్తానీల పిల్ల అని కొందరు, మొగుణ్ణి వదిలేసిందని కొందరు అనుకునేవారు. ఆవిడ రెండూ నిజమేననేవారు. నశ్యం అలవాటు ఉండేది. పోట్లాటకు దిగేముందు డబ్బా తీసి, నింపాదిగా ఒక చిటికెడు పీల్చి, ముక్కు తుడుచుకుని మొదలుపెట్టేవారు. ఆవిడ చెయ్యి డబ్బా వైపు పోతే చాలు, మా కాంపౌండరు మందుల గదిలోకి తప్పుకునేవాడు.

నా పేరు ముత్యాలమ్మ, మాది సముద్రం ఒడ్డున పల్లె. వేట మా వాళ్ళ బతుకు. నా పెనిమిటి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అది మా కులంలో చాలామంది ఆడవాళ్ళు పడ్డ కష్టమే, నేనూ పడ్డాను. నన్ను ఆసుపత్రి గుమ్మం ఎక్కించింది మాత్రం మా అక్క చావు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. చదువుకున్న మంత్రసాని ఒకామె ఉందని విని మా అన్న పడవేసుకుని వెళితే, చేపల పల్లెకు నేను రానని ఆమె తలుపు దగ్గర నుంచే పంపేసింది. మా అక్క ఆ పూటంతా నా చెయ్యి పట్టుకునే ఉంది, సందె వేళకు వదిలేసింది. కర్మకాండలు అయ్యాక నేను సరాసరి నరసాపురం వెళ్ళి మార్తమ్మ గారి ఎదుట నిలబడ్డాను.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నారు.

"మా ఊరికి మంత్రసాని ఎవరూ రారంటండీ. నేనే నేర్చుకుని పోతానండీ."

"చదువొచ్చా?"

"రాదండీ."

"కోపం వస్తుందా?"

నేను తల వంచుకుని, "వస్తుందండీ" అన్నాను.

"అయితే చదువు సంగతి నేను చూసుకుంటాను. లోపలికి రా."

మా తీరంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషికి నొప్పులు మొదలైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదు. జడ విప్పుతారు, పెట్టెల మూతలు తీస్తారు, గొడ్డు పలుపు విప్పుతారు, వల మూటలు కూడా విప్పేస్తారు. అప్పుడే కాన్పు సులువవుతుందని నమ్మకం. చదువుకున్న నర్సమ్మ కదా, ఇది చూస్తే తిడుతుందని నేను భయపడ్డాను. ఆవిడ తిట్టలేదు. "సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. తర్వాత ఏ ముడి విప్పుకుంటావో నీ ఇష్టం. కడుక్కోకుండా మాత్రం దేన్నీ ముట్టుకోకు" అన్నారు. మీరు నమ్ముతారా అండీ అని అడిగాను. "నేను నమ్మను. ఆ తల్లి నమ్ముతుంది. నమ్మి ఒళ్ళు వదులు చేసుకుంటుంది. నాకు కావలసింది అదే" అన్నారు. అందుకని మా వార్డులో పొద్దున్నే తలుపులూ బీరువాలూ అన్నీ బార్లా తెరిచి ఉండేవి, ఎక్కడా ఒక ముడి కనిపించేది కాదు. నేను అక్కడే అక్షరాలు నేర్చుకున్నాను, చేతిపనీ నేర్చుకున్నాను. బిడ్డ తల ఎటుందో కడుపు తడిమి చెప్పడంలో నాది మంచి చెయ్యి అని ఆవిడే అన్నారు.

పరీక్షకు కాలవ పడవలో రాజమండ్రి వెళ్ళాను. గురువుల్ని హాల్లోకి రానివ్వరు కాబట్టి మార్తమ్మ గారు రాలేదు. నీళ్ళ మీద పుట్టిన మనిషిని నేను, ఆ ప్రయాణంలో మాత్రం నాకు ముద్ద దిగలేదు. హాలు తలుపులకు కొత్తగా వార్నీషు పూశారు. గోడల వెంట బీరువాలు, అన్నిటికీ తాళాలు. బల్లల మీద ఎర్రగుడ్డల్లో బిగించి కట్టిన దస్త్రాలు, కట్ట మీద కట్ట. పరీక్ష చేసే సర్జన్ దొర ఒకవైపు, తలపాగా పెట్టుకున్న గుమాస్తా ఒకవైపు కూర్చున్నారు. దొర పుస్తకాల్లో తెలుగు నేర్చుకున్నాడు. "మాయ వెలుపలికి రాకున్న ఏమి చేసెదవు?" అని అడిగాడు. బిడ్డ పుట్టాక మాయ పడకపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు. కానీ మా ఊళ్ళో ఆ మాటలు మగవాడి ఎదుట ఏ ఆడదీ అనదు. ఆ గుమాస్తా కలం పట్టుకుని నా నోటి వంక చూస్తున్నాడు. నాకు గొంతు పెగల్లేదు.

చివరికి దొర తోలుతో కుట్టిన బొమ్మ ఒకటి చూపించి, ఈమెకు నొప్పులు వస్తున్నవి, పని మొదలుపెట్టు అన్నాడు. చేతులు కడుక్కున్నాను. తల ఎత్తేసరికి ఆ హాలు నిండా మూతలు, తాళాలు, ముడులు. నా చేతులు నన్నడక్కుండానే కదిలాయి. వెళ్ళి తాళం లేని బీరువా ఒకటుంటే తెరిచాను, తర్వాత బల్ల మీది దస్త్రాల కట్టలు విప్పడం మొదలుపెట్టాను. కాగితాలు జారి నేల మీద పడ్డాయి. గుమాస్తా, "ఓసి నీ అమ్మ కడుపు కాల, కలెక్టరు దస్త్రాలే అవి" అని అరిచి మీద పడబోయాడు. పరీక్షకొచ్చి గోడవార నిలబడ్డ మిగతా అమ్మాయిలు నవ్వారు. దొర ఏదో రాసుకుని, నీవు పోవచ్చును అన్నాడు. నేను ఆ బొమ్మను ముట్టుకోనైనా లేదు.

తప్పానని తెలిశాక మా అన్న వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ విసిగిపోయాడు. ఇంకొక్కసారి చూడు, అప్పుడూ తప్పితే ఈ ముచ్చట చాలించి ఇంటికొచ్చి చేపలెండబెట్టుకో అని చెప్పి వెళ్ళాడు. అంటే మా పల్లెలో ఇంకెవరికి బిడ్డ అడ్డం తిరిగినా, వాళ్ళూ మా అక్క పోయినట్టే పోవాలన్నమాట. నేను ఏడుస్తూ మార్తమ్మ గారికి జరిగింది చెప్పాను.

"కట్టలు విప్పావా? ఏ కట్టలు?"

"కనపడ్డవన్నీ అండీ."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. డబ్బాలో నశ్యం ఒళ్ళో పడింది. నాకు కోపం వచ్చింది. అది చూసి ఆవిడ నవ్వు ఆపి, "మరి ఇక్కడ పనిలో ఉన్నప్పుడు ఎప్పుడూ లేచి వెళ్ళి ఏదీ విప్పవే?" అన్నారు.

"ఇక్కడ అన్నీ ముందే విప్పుంటాయి కదండీ."

ఆవిడ ఒళ్ళో పడ్డ నశ్యం దులుపుకున్నారు. ఆ తర్వాత, "రాజమండ్రిలో నేర్చుకున్న పిల్లలు అక్కడ పరీక్ష ఇస్తే గట్టెక్కుతారు. మన పిల్లలు వెళితే నోరు పడిపోయి వస్తారు. మీకు పని రాదని ఇన్నాళ్ళూ నేనూ అనుకుంటూ వచ్చాను. వాళ్ళు మీ పని చూడట్లేదమ్మా. ఆ గది మీకు కొత్తో పాతో చూస్తున్నారు, అంతే" అన్నారు. ఆవిడ చెయ్యి మళ్ళీ నశ్యం డబ్బా వైపు పోయింది.

దొర తనిఖీల కోసం కాలవల మీద పడవలో తిరిగేవాడు. నరసాపురం లాకుల్లో, అంటే కాలవకు అడ్డంగా కట్టిన తలుపుల మధ్య, నీళ్ళు నిండేదాకా ఎంతటివాడి పడవైనా ఆగాల్సిందే. మార్తమ్మ గారు ఆ అదును చూసుకుని, నన్ను వెంటబెట్టుకుని లాకు గట్టు మీద నిలబడ్డారు. మా పిల్లల పరీక్ష మా వార్డులోనే పెట్టండి అన్నారు.

"ఎక్కడ పెట్టినను ప్రశ్నలు అవియే కదా" అన్నాడు దొర.

"ప్రశ్నలు అవేనండీ, గది వేరు. ఈ పిల్ల రేపు పని చెయ్యబోయేది తాటాకు గుడిసెల్లో. మీ హాల్లో ఎవరు కంటారండీ? గుడిసెల దాకా మీరు ఎలాగూ రారు, మా వార్డు దాకానైనా రండి."

"మీ చోట పెట్టినచో నీవు కనుసైగలతో జవాబులు చెప్పెదవు."

మార్తమ్మ గారి గొంతు తగ్గింది. ఆవిడ అరిస్తే మాకు భయం ఉండేది కాదు, గొంతు తగ్గితేనే భయం. "ఆ రోజు నేను ఊళ్ళోనే ఉండనండి. తెల్లారగానే రేవు దాటి సఖినేటిపల్లి ఒడ్డున కూర్చుంటాను. మీరు కబురు పంపేదాకా ఇవతలికి రాను. గోదావరి అవతల నుంచి నేను సైగ చెయ్యగలిగితే నా ఉద్యోగం తీసెయ్యండి. అప్పుడు కూడా ఈ పిల్ల తప్పితే, సైగ చెయ్యకపోయినా తీసెయ్యండి."

నా మీద ఆవిడ తన కూడు పందెం కట్టేశారు. ఇంతలో లాకు తలుపులు తెరుచుకున్నాయి, పడవ కదిలింది. ఆలోచించి వ్రాసి పంపెదను అన్నాడు దొర. "రాయడం దేనికండీ, నోటితో చెప్పండి" అంటూ ఆవిడ పడవతోపాటు గట్టు మీద నడిచారు. పడవ లాగే మనుషులు నవ్వుకుంటున్నారు. ముళ్ళతుప్పల దాకా నడిచాక దొర సరే అనక తప్పలేదు. అప్పటినుంచి నరసాపురంలో నేర్చుకున్నవాళ్ళకు పరీక్ష నరసాపురంలోనే అని కొత్త నియమం వచ్చింది.

మాతో అప్పుడు కామేశ్వరమ్మ గారని ఒకావిడ కొత్తగా నేర్చుకుంటోంది. కోనసీమ అగ్రహారం మనిషి, చిన్నతనాన భర్త పోయాడు, అత్తవారింట్లో అందరితో గొడవపడి వచ్చింది. పనిలో నాకంటే మెరుగు, ఆవిడ చెయ్యి తొందర ఎరగదు. పరీక్ష మా వార్డులోనే అని తెలిసి నేను గంతులేస్తుంటే ఆవిడ మాత్రం, "రాజమండ్రి అయితే నన్నెరిగినవాళ్ళు ఉండరు కదండీ" అంది. మార్తమ్మ గారు ఆ మాట పట్టించుకోలేదు. మన చోట మనకు భయమేంటమ్మా అని కొట్టిపారేశారు.

పరీక్షనాడు ఆవిడ చెప్పినట్టే రేవు దాటారు. వార్డు కిటికీలోంచి చూస్తే అవతలి ఒడ్డున ఇసకలో ఒక గొడుగు, దాని కింద తెల్లచీర కనిపిస్తున్నాయి. గుమాస్తాను వసారాలో కూర్చోబెట్టాలని ముందే ఒప్పందం. వార్డులో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, నాకు తెలియని వస్తువు ఒక్కటి లేదు. దొర ఏది అడిగినా చెప్పాను. బిడ్డ అడ్డం తిరిగితే ఏమి చేసెదవు అని కూడా అడిగాడు. మా అక్క చెయ్యి గుర్తొచ్చింది. తర్వాత మొదటినుంచి చివరిదాకా, చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తిప్పడానికి చూడాలో, ఎప్పుడు చెయ్యి తీసేసి డాక్టరుకు కబురు పంపాలో అన్నీ చెప్పాను. నిండు చూలాలు ఒకామె వార్డులో ఉంటే ఆమె కడుపు తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పమన్నాడు. చెప్పాను. తనూ చూసుకుని తల ఊపాడు.

తర్వాత కామేశ్వరమ్మ గారి వంతు. కబురు ఎవరు చేరేశారో, ఆవిడ బావగారు అగ్రహారం నుంచి రేవు దాటి వచ్చి వసారాలో గుమాస్తా పక్కన కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు, ఊరికే దగ్గారు. ఆ దగ్గు లోపలికి వినపడింది. కామేశ్వరమ్మ గారు కొంగు నెత్తి మీదకు లాక్కుని, నోరు తెరవకుండా నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది. దొర అడిగిందే అడిగాడు. రాజమండ్రి హాల్లో నాకు జరిగిందే ఆవిడకు మా సొంత వార్డులో జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి ఆ దగ్గే మనిషిని ఏట్లోకి తోసేద్దామన్నంత మంట పుట్టింది.

సాయంత్రం పడవ పంపి మార్తమ్మ గారిని పిలిపించారు. దొర నా సర్టిఫికెట్టు మీద సంతకం చేసి నాకిచ్చాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, కొంచెం సంతోషంగానే, "మార్తా, నీ వాదము ఓడినది. సొంత చోటనే యీ స్త్రీ నోరు మెదపలేదు" అన్నాడు.

"ఓడలేదండీ. నేనే సగం చూసి మాట్లాడాను. ఒకరికి తన చోటే బలం, ఇంకొకరికి తన చోటే ఉరి. ఈవిడ ఆ మాట నాకు ముందే చెప్పింది, నేను చెవిన పెట్టలేదు. ఆ తప్పు నాది. ఈవిడకు రాజమండ్రిలో పెట్టండి."

"కుదరదు. నరసాపురము వారికి నరసాపురముననే. నీవు కోరిన నియమమే కదా."

మార్తమ్మ గారి చెయ్యి నశ్యం డబ్బా దాకా పోయి, దాన్ని తియ్యకుండానే వెనక్కి వచ్చేసింది. అది చూడలేకపోయాను. నా సర్టిఫికెట్టు తీసుకెళ్ళి దొర బల్ల మీద పెట్టేసి, కామేశ్వరమ్మ గారి పరీక్ష తేలేదాకా ఇది నాకొద్దండీ అన్నాను. మార్తమ్మ గారు మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ నా రెక్క పుచ్చుకుని పక్కకు లాగారు.

"పిచ్చి వేషాలు వెయ్యకు. తీసుకో."

"వద్దండీ."

"ఒట్టి చేతుల్తో పోట్లాడితే మెడ పట్టి గెంటుతారే. కాగితం పుచ్చుకుని పోట్లాడు. అప్పుడు నిన్ను గెంటాలంటే వాళ్ళకు ఇంకో కాగితం కావాలి. మీ ఊరి ఆడవాళ్ళు ఎదురుచూసేది నీ త్యాగం కోసమా, నీ కోసమా?"

వెళ్ళి కాగితం తీసుకుని రొంటిన దోపుకున్నాను. అక్కణ్ణుంచి కదలకుండా, "దొరగారూ, కామేశ్వరమ్మ గారు నా పక్కన నిలబడి పురుళ్ళు పోశారండీ. ఆవిడ పని నేనెరుగుదును. లైసెన్సున్న మంత్రసానిగా చెప్తున్నాను, ఆవిడకు రాజమండ్రిలో పరీక్ష పెట్టించండి" అన్నాను.

"నీకు లైసెన్సు వచ్చి ఎంతసేపైనది?"

"ఇప్పుడేనండీ."

ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకుంటాడని మేమూ అనుకోలేదు. ఆ తర్వాత ఆయన పడవ లాకుల దగ్గర ఎప్పుడు ఆగినా గట్టు మీద ఇద్దరం ఉండేవాళ్ళం, మార్తమ్మ గారూ నేనూ. నీళ్ళు నిండేదాకా ఆయన కదలడానికి లేదు, మేమెలాగూ కదలం. మరుసటి ఏడు కామేశ్వరమ్మ గారిని రాజమండ్రి రానిచ్చారు. నన్ను మూగదాన్ని చేసిన ఆ హాల్లో ఆవిడ గడగడా జవాబులు చెప్పి వచ్చింది. "ఎంత హాయిగా ఉందో ముత్యాలూ ఆ గది. తెలిసిన మొహం ఒక్కటి లేదు" అంది నాతో. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది.

నేను మా తీరానికి వెళ్ళిపోయాను. చదువుకున్న మంత్రసాని అడుగుపెట్టనన్న పల్లెలన్నీ తిరిగాను. అడ్డం తిరిగిన బిడ్డల్ని కొందరిని తిప్పగలిగాను, కొందరి తల్లుల్ని దక్కించుకోలేకపోయాను. మార్తమ్మ గారు విషజ్వరంతో పోయారు. కబురు అంది నేను రేవుకు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆవిడ కోసం నేను ఏడ్చినంతగా మావాళ్ళ కోసం కూడా ఏడవలేదు. ఆవిడ నాకు పురుడు పొయ్యడం నేర్పారని అందరూ అంటారు. అది ఎవరైనా నేర్పేవారేమో. వచ్చిన కాగితాన్ని పెట్టెలో దాచుకోకుండా, అది లేనివాళ్ళ పక్షాన వాడటం మాత్రం ఆవిడే నేర్పారు.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు నేర్చుకుంటున్నారు. పరీక్షలు మళ్ళీ అందరికీ ఒక్కచోటే అని నియమం మార్చారు. దొరలు కూడా మారారు, ఇప్పుడు పరీక్ష పెట్టే డాక్టరు గారు మన తెలుగువారే. ప్రతి ఏడూ పరీక్షల ముందు నేను ఒక్కో పిల్లనూ కూర్చోబెట్టి, నీకు ఎక్కడైతే నోరు పెగులుతుందే అని అడుగుతాను. ఒకతె ఇక్కడంటుంది, ఒకతె ఎవరూ ఎరగని చోటంటుంది. ఎవరికి ఎక్కడ పెట్టాలో అది పట్టుకుని డాక్టరు గారి గదికి వెళతాను. నన్ను చూడగానే ఆయన కలం కింద పెట్టి, "మళ్ళీ వచ్చావా ముత్యాలమ్మా" అంటారు.

"వచ్చానండీ" అంటాను. ఆయన కుర్చీ చూపించరు. నేను కూర్చుంటాను.